గంప కింద దీపం

కార్తీకమాసంలో మా జేజి, మా నాయన తల్లి, ఒక కథ చెప్పేది. ఒక కోడలు అత్తకు తెలియకుండా దీపం వెలిగించి, దాని మీద గంప బోర్లించి దాచిపెట్టేదట. దేవుడు తక్కిన దీపాలన్నీ వదిలేసి దాన్నే మెచ్చుకున్నాడట. అక్షింతలు గుప్పిట్లో పట్టుకుని వింటున్న నాకు అప్పుడు ఏడెనిమిదేళ్లుంటాయి. గంప కాలదా జేజీ అని అడిగాను. జేజి నెత్తిన ఒక మొట్టికాయ వేసి, కథలో కాలదు అంది.

పెద్దయ్యాక ఆ అనుమానం పోలేదు సరికదా, దానికి ఇంకొకటి తోడయింది. గంప కాలలేదనే అనుకుందాం. ఎవరికీ కనిపించని దీపం దీపం కిందికి వస్తుందా? దీపం పెట్టేది వెలుగు కోసం కదా, దాచిన వెలుగు ఎవరికి? ఇలాంటివి అయ్యవారిని అడిగితే బాగుండదని లోపలే పెట్టుకున్నాను. ఆ అనుమానంతోనే పెళ్లి చేసుకున్నాను, ఆ అనుమానంతోనే మస్కట్ వచ్చాను. మొదటి సగం మాత్రం రెండు వేల ఎనిమిది కార్తీకంలో, అల్ హైల్‌లోని మా వంటగదిలో, అందరూ చూస్తుండగా తీరిపోయింది. అందరూ అంటే నిజంగానే అందరూ. అది టీవీలో వచ్చింది.

మాది రాజంపేట దగ్గర పల్లె. మా ఆయన జయరాముడు అల్ మవాలేలో ఒక ట్రేడింగ్ కంపెనీలో స్టోర్ చూసుకునేవాడు. మా ఒక్కగానొక్క కూతురు సంధ్య అప్పుడు ఘుబ్రా బళ్లో ఏడో తరగతి. ఉమ్ సాలిం అనే ఒక ఒమానీ పెద్దామె ఇంటి కాంపౌండులో వెనకవైపు రెండు గదులు మావి. మా ముగ్గురికీ తోడు నాలుగో మనిషి టీవీ. ఆయన డ్యూటీ నుంచి వచ్చి చెప్పులు విడవకముందే అది వెలిగేది, కళ్లు మూతలు పడేదాకా ఆరేది కాదు. ఒకరి మొహం ఒకరం ఆ వెలుగులోనే చూసుకునేవాళ్లం.

ఆ టీవీలోనే సంధ్య ఒక ప్రకటన చూసింది. ఒక తెలుగు ఛానల్ వాళ్లు గల్ఫ్‌లో ఉన్న తెలుగు కుటుంబాలను నాలుగింటిని ఎంచుకుని, యుద్ధకాలంలో మనవాళ్లు ఎలా బతికారో అలా ఒక నెల బతికిస్తారట. సంవత్సరం పందొమ్మిది వందల నలభై రెండు. ఏసీ ఉండదు, ఫ్రిజ్ ఉండదు, గ్యాస్ ఉండదు, ఫోను ఉండదు. రూలు తప్పిన ఇల్లు ఆట నుంచి పోతుంది. చివరిదాకా నిలిచినవాళ్లను హైదరాబాదు పిలిపించి సన్మానం చేస్తారు. స్టోర్‌లో ఒక్క కాగితం కూడా చదవకుండా సంతకం పెట్టని మా ఆయన, కూతురు తెచ్చిన కాగితం మీద మాత్రం చదవకుండా పెట్టేశాడు. లోకంలో ఇంతమంది ఉండగా వాళ్లు మనల్ని ఏరుకుంటారా అన్నాను నేను. ఏరుకున్నారు.

ఛానల్ తరఫున వచ్చిన డైరెక్టరు సురేందర్‌ది జగిత్యాల. కుర్రవాడే. ఎవరిని చూసినా అక్కా, అన్నా అని కలుపుకుపోయేవాడు. వాళ్లు టీవీని గోనెపట్టాలో కట్టి తీసుకుపోతుంటే మా ఆయన గేటుదాకా వెళ్లి సాగనంపాడు. బదులుగా విసుర్రాయి వచ్చింది. కుండలు, వెదురు గంపలు, లాంతరు, మంటలార్పడానికని ఇసుక బకెట్లు వచ్చాయి. బియ్యానికి, చక్కెరకు, నూనెకు, కిరసనాయిలుకు కూపన్లు ఇచ్చారు. బియ్యం చాలీచాలనట్టు, రాగులు మాత్రం ధారాళంగా ఇచ్చారు. పెరట్లో మూడురాళ్ల పొయ్యి, దాంట్లోకి ఉమ్ సాలిం చెట్ల నుంచి రాలిన ఖర్జూరపు మట్టలు. ఆయన డ్యూటీ, సంధ్య బడి మామూలే. గేటు బయట రెండు వేల ఎనిమిది, గడప లోపల నలభై రెండు.

మొదటి సాయంత్రం కిటికీలకు నల్ల కాగితాలు అంటిస్తూ సురేందర్ అసలు రూలు చెప్పాడు. చీకటి పడ్డాక ఇంట్లో నుంచి చిటికెడు వెలుతురు కూడా బయటికి రాకూడదు. పైన శత్రు విమానాలు తిరుగుతుంటాయి కదా. ఒకసారి కనబడితే హెచ్చరిక, రెండోసారి కనబడితే మూటాముల్లె సర్దుకోవడమే.

"జపానోడు రాజంపేటకు ఏంటికొచ్చాడప్పా, మామిడికాయలకా?" అన్నాడు మా ఆయన.

"నాకెర్కలేదన్నా. కాకినాడకైతే అచ్చిండు. రూలు అందరికొక్కటే," అన్నాడు సురేందర్.

వెలుగు కనిపెట్టడానికి ఒక మనిషిని కూడా పెట్టారు. పేరు ఇస్తారి, నిజామాబాదు వైపు మనిషి. దగ్గర్లోనే లేబర్ క్యాంపులో ఉండి సైట్ పనికి పోయేవాడు. సాయంత్రం ఆ పని దిగి స్నానం చేసి, ఛానల్ వాళ్లిచ్చిన ఖాకీ చొక్కా తొడుక్కుని, మెడలో విజిల్ వేసుకుని, చేతికర్రతో మా ఇంటి చుట్టూ తిరిగేవాడు. ఒమన్ వచ్చాక ఇంత మర్యాదైన డ్యూటీ తనకు దొరకలేదని మా ఆయనతో చెప్పుకున్నాడట.

అందరూ నవ్వుతుంటే నేను మాత్రం వేళ్ల మీద కార్తీకాలు లెక్కపెట్టుకుంటున్నాను. సంధ్య ఏడో నెలలోనే పుట్టింది. అరచేతిలో పట్టేంత పిల్ల. బతికి బట్టకడితే పన్నెండు కార్తీకాలు, నెల పొడుగునా, సందెవేళ గడప బయట దీపం పెడతానని మొక్కుకున్నాను. పదకొండు ఏ ఆటంకమూ లేకుండా గడిచాయి. ఇది ఆఖరిది, అప్పటికే మొదలైంది కూడా. మధ్యలో ఒక్క సందె తప్పినా మొక్కు చెడినట్టే. ఈ సంగతి పిల్లకు ఎప్పుడూ చెప్పలేదు. తన ప్రాణం ఒక దీపం మీద నిలబడిందని చెప్తే భయపడుతుందని. ఇప్పుడు చూస్తే, కూతురి కోసం పెట్టే దీపాన్ని మానమంటున్నది కూతురు కోరి తెచ్చుకున్న ఆట.

ఆయనతో చెప్పాను. ఆయన మూలనున్న వెదురు గంపవైపు చూసి, "మీ జేజి కతలో గంప ఉండాది గదమ్మే," అన్నాడు.

ఆ రోజు నుంచి మేమిద్దరం దొంగలమయ్యాం. వంటగది వెనక గడపకు లోపలివైపు ప్రమిద పెట్టి, వెదురు సందుల్లోంచి వెలుగు కారకుండా గంప మీద తడిపిన గోనెపట్టా కప్పేవాళ్లం. దీపానికి నూనె వంట కూపన్లలోంచే మిగల్చాలి. తాలింపు మానేశాను. దేవుడికి తాలింపు, మనకు ఉత్తపప్పు అని ఆయన సణిగేవాడు గాని, సందెకు ముందు గోనెపట్టా తడిపి తెచ్చేది ఆయనే. సంధ్య బయటి గదిలో లాంతరు దగ్గర లెక్కలు చేసుకుంటూ ఉండేది. ఛానల్ వాళ్ల కెమెరా కూడా ఆ గదిలోనే. నేను దీపం ముందు చేతులు జోడించేదాన్ని గాని మనసు నిలిచేది కాదు. గడప బయట అని మొక్కి గడప లోపల పెడుతున్నాను. పైగా గంప కింద. ఇది లెక్కలోకి వస్తుందో రాదో ఎవరిని అడగను?

ఇదిలా ఉండగా ఇంట్లో ఇంకో వింత జరిగింది. మొదటి రెండు మూడు సాయంత్రాలు ఏం చేయాలో తోచక ముగ్గురం టీవీ ఉండే గోడవైపే తిరిగి కూర్చున్నాం. తర్వాత ఒకనాడు ఆయన ఊరికే తొడ మీద తాళం వేశాడు. పెళ్లికి ముందు ఆయన చెక్కభజన దళంలో ముందు వరస మనిషి. నేను ఆయన్ను మొదట చూసింది కాళ్లకు గజ్జెలతోనే. మస్కట్ వచ్చాక ఆ ఊసే లేదు. సంధ్యకైతే తండ్రి గెంతుతాడన్న సంగతే తెలియదు. పొయ్యి మట్టల్లోంచి రెండు చెక్కముక్కలు ఏరుకుని, ఎడమ కాలు ముందుకు, తిరుగు, కొట్టు అంటూ కూతురికి అడుగులు నేర్పడం మొదలుపెట్టాడు. సంధ్య వంగితే ఆయన తిరిగేవాడు, ఆయన తిరిగితే లాంతరు ఊగేది. బయట ఇస్తారి కర్రతో గోడ మీద తాళం కలిపేవాడు. డ్యూటీలో ఉన్నానని మధ్యమధ్య గుర్తొచ్చి విజిల్ ఒకటి ఊదేవాడు.

ఒక సాయంత్రం ఆ భజన రంజుగా సాగుతోంది. నన్నూ లాగారు. కొంగు బిగించి నేనూ నాలుగు తిరుగుళ్లు తిరిగాను. ఆ సంబరంలో గోనెపట్టాను మళ్లీ తడపాలన్న సంగతి ఇద్దరం మరిచిపోయాం. వంటగదిలోంచి చిటపట శబ్దం వచ్చి చూస్తే, గోనె ఎప్పుడో ఆరింది, గంప నిలువునా మండుతోంది. కిటికీకి అంటించిన నల్ల కాగితం కూడా అంటుకుని, చూసేవాళ్లకు వెలుగు చక్కగా కనబడుతోంది.

ఇస్తారి విజిల్ ఊదాడు. విజిల్ వినగానే సురేందర్ మనిషి బయట బాంబుల సైరన్ వేశాడు. సైరన్ వినగానే మా ఆయన, బాంబు అదురుకు నాలుక తెగకుండా ఉండాలని వాళ్లు నేర్పింది నేర్పినట్టు, తువ్వాలు పళ్ల మధ్య కరచుకుని మంచం కిందికి దూరాడు. మంట ఆర్పాల్సిన మనిషి మంచం కింద, నేను చెంబు కోసం వెతుకులాట. ఇస్తారి వెనక తలుపు తోసుకుని వచ్చి ఇసుక బకెట్టు ఎత్తి గంప మీద, దీపం మీద, పక్కనే ఉన్న రాగిపిండి మీద కూడా కుమ్మరించాడు. అదంతా కెమెరా తీస్తూనే ఉంది. ఇసుకలోంచి పొగ లేస్తుంటే సురేందర్ ఆ ప్రమిదను వేలితో బయటికి తీశాడు.

"ఏందక్కా ఇది?" అన్నాడు.

మంచం కింద నుంచి పాక్కుంటూ వచ్చి మా ఆయనే అంతా చెప్పాడు. ఏడో నెల, అరచేతిలో పిల్ల, పన్నెండేళ్ల మొక్కు. సురేందర్ కెమెరా దించమన్నాడు. రూలు రూలేనని, ఇది మొదటి హెచ్చరిక అని నెమ్మదిగా చెప్పి బయటికి వెళ్లిపోయాడు. ఇస్తారి ఖాళీ బకెట్టుతో అక్కడే నిలబడిపోయాడు.

సంధ్య నా పక్కకు వచ్చి కూర్చుంది. ఇసుకలో గీతలు గీస్తూ, "మనం పోదాంలేమ్మా. రేపు సురేందరన్నతో నేనే చెప్తా," అంది.

"నీ కోసరం పెట్టే దీపానికి నీ మొగం మాడిచ్చేదా? అంత పని చేయనులే," అన్నాను. ఏం చేస్తానో మాత్రం నాకూ తెలియదు. ఆ పూట దీపమైతే ఇసుకలో కలవకముందు సందె దాటేదాకా వెలిగింది. మరుసటి రోజు సంగతి?

మరుసటి ఉదయం ఉమ్ సాలిం కర్ర పట్టుకుని వచ్చింది. రాత్రి విజిళ్లేమిటి, పొగేమిటి అని. ఆమె అక్కడ తరతరాలుగా ఉన్న బలూచీ జాతి మనిషి. ఆమెకు వచ్చిన కొంచెం హిందీ, నాకు వచ్చిన కొంచెం హిందీ కలిస్తే మాకు సరిపడేది. ఆమె మా వంటగదిలో అడుగుపెట్టడం అదే మొదలు. అలమరలో పైన ఉన్న ఇత్తడి గిన్నె మీద ఆమె చూపు ఒక్క క్షణం ఆగింది. అది ఆమె గిన్నే. కొన్నేళ్ల కిందట పండక్కి దాన్నిండా హరీస్ పంపింది. గోధుమల్లో మాంసం వేసి మెత్తగా ఉడికించేది. మేం మాంసం తినం కనుక, వీధి చివర ఉండే ప్రొద్దుటూరు హసీనాకు ఇచ్చి గిన్నె తోమిపెట్టాను. ఒకరింటి గిన్నె ఖాళీగా తిరిగి పంపడం మా వైపు లేదు. ఏం వేసి పంపాలి? అంతకుముందు పంపిన పులిహోర, వడలు ఆమె నోటికి కారమై, మేకల పాలయ్యాయని సంధ్య విని వచ్చింది. పైగా ఆమెకు పళ్లు లేవు. ఇవాళ రేపు అనుకుంటూనే గిన్నె నా దగ్గర ఉండిపోయింది. ప్రతి పండక్కీ చింతపండు పెట్టి తోముతూనే ఉన్నాను. ఆమె చూపు గిన్నెను వదిలి కాలిన గంపవైపు తిరిగింది.

దీపం సంగతి విని ఆమె కళ్లనీళ్లు వచ్చేట్టు నవ్వింది. తన చిన్నతనం పాత మస్కట్ కోట లోపల గడిచిందట. రాత్రి కోట తలుపులు మూశాక చేతిలో లాంతరు లేకుండా ఎవరైనా వీధిలో కనబడితే సిపాయిలు పట్టుకుని లోపల వేసేవారట. అక్కడ దీపం లేకపోతే తప్పు, ఇక్కడ ఉంటే తప్పు, మీ సిపాయి ఎవరు అని అడిగింది. ఇస్తారి గురించి చెప్పాను. ఇంకా నవ్వింది. నవ్వడం అయ్యాక కర్ర ఆనించి లేస్తూ ఒక్క మాట అంది.

"యుద్ధం మీ ఇంటికి వచ్చింది. నా ఇంటికి రాలేదు కదా. నా తలుపు దగ్గర పెట్టుకో."

నేను తడబడ్డాను. ఇది మా పూజ, మా మొక్కు, మీకు పట్టింపు ఉండదా అని అడిగాను. దారి మీద దీపం ఉంటే దారిన పోయేవాడికి మంచిదే, వెలిగించేటప్పుడు నీ మనసులో ఏం అనుకుంటావో అది నీకూ నిన్ను చేసినవాడికీ మధ్య సంగతి, నాకెందుకు అంది. ఇంకొకరి గడప మీద పెడితే మొక్కు చెల్లుతుందా అని నాలో ఇంకో ప్రశ్న లేవబోయింది. గడప బయట అనే మొక్కాను గాని, ఎవరి గడపో చెప్పలేదు కదా అని దాన్ని కూర్చోబెట్టాను.

ఈ మాట చెప్తే సురేందర్ రూల్సు మొత్తం తిరగేశాడు. పక్కింటి మాట ఎక్కడా లేదు. చివరికి ఇస్తారిని అడిగాడు.

"ఆ ఇల్లు నా డ్యూటీల లేదు సార్," అన్నాడు ఇస్తారి, ఖాకీ చొక్కా సర్దుకుంటూ.

ఆ సాయంత్రం నుంచి సంధ్య ప్రమిద పట్టుకునేది, నేను నూనె పట్టుకునేదాన్ని. కాంపౌండు చుట్టి ముందువైపుకు వెళ్లి, ఉమ్ సాలిం మెట్టు పక్కన పెట్టేవాళ్లం. వెలిగించేది సంధ్యే. సంగతి తెలిశాక ఆ పని ఇంకెవరినీ ముట్టనివ్వలేదు. ఉమ్ సాలిం కుర్చీ వేసుకుని చూస్తుండేది. గాలి తిరిగితే కర్రతో చూపించి, వత్తిని అటు జరుపు అనేది. సందె దాటేదాకా కూర్చుని మేము చీకటి ఇంట్లోకి, భజనలోకి వెళ్లిపోయేవాళ్లం.

నవంబరు పద్దెనిమిది ఒమన్ దేశానికి పండుగ. రోడ్లన్నీ దీపాలమయం. ఆ ముందురోజు ఉమ్ సాలిం కొడుకు కాంపౌండు మొత్తానికి ఎరుపు, తెలుపు, ఆకుపచ్చ బల్బుల దండలు వేయించాడు. మొత్తం అంటే మా గోడలు కూడా. స్విచ్చి వేసేసరికి మా నలభై రెండు నాటి ఇల్లు పెళ్లివారిల్లులా వెలిగిపోయింది. సురేందర్ నెత్తిన చేతులు పెట్టుకుని మెట్ల మీద కూలబడ్డాడు. ఇస్తారి ఆ బల్బుల మీద విజిల్ ఊది ఊది అలసిపోయాడు. ఇది రెండో హెచ్చరిక కింద వస్తుందా రాదా అని సంధ్య అందరి మొహాలూ చూస్తోంది. ఉమ్ సాలిం లోపలినుంచి ఒక్క కేక వేసింది. వెనక గదుల్లో యుద్ధం జరుగుతోందని, వాళ్ల దండ ఒక్కటి పీకేయమని. కొడుకు తల్లి మొహం చూశాడు, మా మొహాలు చూశాడు, ఎందుకొచ్చిన గొడవని పీకేశాడు.

పండుగనాటి సందెకు వీధి వీధంతా ధగధగలాడుతోంది. వెనకవైపు మా ఇల్లు ఒక్కటే పన్ను ఊడిన సందులా నల్లగా ఉంది. ఎప్పటిలాగే మెట్టు దగ్గర దీపం పెట్టి నాలుగడుగులు వెనక్కి వచ్చి చూశాం. అన్ని బల్బుల మధ్య దాని ఆనవాలే లేదు.

"కనపడ్డంలేదు కదమ్మా," అంది సంధ్య.

"ఉండాదిలే," అన్నాను.

సంధ్య నా చెయ్యి పట్టుకుంది. ఇంట్లోకి వచ్చేశాం. ఆయన అప్పటికే చెక్కలు తీసి కూర్చున్నాడు.

చివరిదాకా మేమూ, కువైట్‌లో ఉండే ఒక కుటుంబమూ నిలిచాం. ఇద్దరినీ హైదరాబాదు పిలిచారు, శాలువాలు కప్పారు, ఒక్కో ప్రెషర్ కుక్కర్ ఇచ్చారు. గంప కాలడం, మా ఆయన తువ్వాలు కరచుకుని మంచం కిందికి దూరడం టీవీలో ఎన్నిసార్లు వేశారో చెప్పలేను. టీవీ మా ఇంటికి తిరిగి వచ్చింది గాని పాత పెత్తనం దానికి మళ్లీ రాలేదు. ఇప్పుడు ఆయన ముందు చెప్పులు విడుస్తాడు, మొహం కడుక్కుంటాడు, అడుగులు నేర్చుకోవడానికి వచ్చిన చుట్టుపక్కల పిల్లలు వెళ్లాక దాన్ని వెలిగిస్తాడు. కొన్ని రోజులు మరిచిపోతాడు.

అదంతా తర్వాతి సంగతి. ఆట ఇంకా నడుస్తుండగా వచ్చిన కార్తీకం ఆఖరి సాయంత్రం నేను ఉమ్ సాలిం దగ్గరికి ఉత్త చేతులతో వెళ్లదలచుకోలేదు. కూపన్లలో మిగిలింది ఏముందని చూస్తే రాగులు, గుప్పెడు నూకలు తప్ప ఏమీ లేవు. ఆయన డ్యూటీ నుంచి వచ్చి విసుర్రాయి ముందు కూర్చున్నాడు.

"రెండుసార్లు తిప్పినా, మెత్తంగా. ఆ తల్లికి పండ్లు లేవు గదా," అని పిండి నా ముందు పెట్టాడు.

నూకలు మెత్తగా ఉడికించి, పిండి పోసి, తెడ్డుతో ఎనిపి సంగటి చేశాను. ఉప్పు తప్ప ఏమీ వేయలేదు, మిరపకాయ వాసన కూడా తగలనివ్వలేదు. ముద్ద చేసి ఆ ఇత్తడి గిన్నెలో పెట్టి, సంధ్య ప్రమిద పట్టుకుంటే నేను గిన్నె పట్టుకుని బయలుదేరాను. దీపం వెలిగించాం. మొక్కు తీరింది. నేను దణ్ణం పెట్టుకుని లేచేదాకా ఉమ్ సాలిం ఆగింది. అప్పుడు ఆమె ఒళ్లో గిన్నె పెట్టాను.

ఆమె మూతగా వేసిన ఆకు తీసి చూసింది. వేలితో తుంచి నోట్లో వేసుకుంది. దవడలు నెమ్మదిగా ఆడించి కళ్లు మూసుకుంది.

"అసీదా," అంది.

ఆమె అమ్మ చేసేదట. ఓడల్లో బియ్యం రావడం ఆగిపోయిన ఆ యుద్ధపు రోజుల్లో రోజూ అదేనట. పిండి వేరు, ముద్ద మాత్రం ఇదే. లోపలికి కేక వేసి కోడలి చేత నెయ్యి, తేనె తెప్పించింది. ముద్ద మధ్యలో వేలితో గుంట చేసి వాటిని పోసి, తాను ఒక ముద్ద, సంధ్యకు ఒక ముద్ద, నాకు ఒక ముద్ద. గేటు దగ్గర నిలబడ్డ ఇస్తారిని కూడా పిలిచి చేతిలో పెట్టింది. అతను విజిల్ పక్కకు తోసుకుని తిన్నాడు.

గిన్నె అడుగు కనబడ్డాక ఉమ్ సాలిం దాన్ని వేలితో శుభ్రంగా నాకి, బోర్లించి చూసి, నా చేతికి ఇవ్వబోయి ఆగింది. తన గిన్నె అని అప్పుడు గుర్తొచ్చినట్టుంది. నవ్వుతూ కోడలిని పిలిచి, లోపల పెట్టమని అందించింది.